ఎం.బి.ఎ.: ఎందుకు? ఎప్పుడు? ఎక్కడ?

గత శీతకాలంలో ఒక సాయంత్రం కార్యాలయం నుండి మెట్రో స్టేషనుకు నడుస్తుండగా మా విభాగంలోని ఒక యువ ఇంజనీరు నా వెంట వచ్చాడు. విజయనగరం జిల్లా వాడు. వయసు ఇరవై ఏడు. సంస్థలో చేరి నాలుగేళ్లయింది. పనిలో దిట్ట. కొంతదూరం మౌనంగా నడిచి, "సార్, ఉద్యోగానికి రాజీనామా చేసి ఎం.బి.ఎ. చదువుదామనుకుంటున్నాను. ఏ కాలేజీ మంచిదో మీరు చెప్పాలి" అన్నాడు.

"ఎందుకు చదువుదామనుకుంటున్నావు?" అని అడిగాను.

అతడు కాస్త తడబడి, "మా బ్యాచ్‌లో నలుగురు వెళ్లిపోయారు సార్" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. పదిహేనేళ్ల క్రితం నేను కూడా ఈ ప్రశ్నను ఇదే వరుసలో, అంటే తలక్రిందులుగా అడిగినవాడినే. కళాశాల పేరు ముందు, కారణం తరువాత. ఆ పొరపాటుకు కొంత మూల్యం చెల్లించి, ఆ తరువాత దారి దిద్దుకున్నాను. మన సంస్థలో ప్రతి ఏటా ఎందరో యువ అధికారులను ఈ ప్రశ్న వేధిస్తున్నది కనుక, నా అనుభవాన్ని, నాకు తెలిసిన నాలుగు విషయాలను సోదర ఉద్యోగుల ముందుంచడం ఉపయుక్తంగా ఉంటుందని భావిస్తున్నాను.

ఒక సమావేశంలో తెలిసివచ్చిన లోటు

మెకానికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని 1991లో ఉద్యోగంలో చేరిన నేను, పద్దెనిమిదేళ్లు విద్యుత్ కేంద్రాలలోనే గడిపాను. బాయిలరు, టర్బైను, పంపులు, ఫ్యాన్లు: ఇవే నా లోకం. 2009లో నోయిడాకు బదిలీ అయింది. ఇక్కడ యంత్రం కంటికి కనబడదు. దాని గురించిన కాగితం మాత్రమే కనబడుతుంది.

ఆ సంవత్సరమే ఒక ప్రతిపాదన తయారు చేశాను. బాయిలరులోని పొగను బయటికి లాగే భారీ ఫ్యాన్లు నిర్ణీత వేగంతో తిరుగుతుంటాయి. లోడు తగ్గినప్పుడు కూడా వేగం తగ్గదు. గాలి దారికి తలుపులు అడ్డం పెట్టి ప్రవాహాన్ని తగ్గిస్తాము. ఇది, బండిని ఒక కాలితో తోలుతూ మరొక కాలితో బ్రేకు నొక్కినట్లు. ఆ మోటార్లకు వేగాన్ని మార్చగల డ్రైవులు అమర్చితే కేంద్రం తన అవసరాలకే వాడుకునే విద్యుత్తు తగ్గుతుంది. ఎన్ని యూనిట్లు ఆదా అవుతాయో దశాంశ స్థానాలతో సహా లెక్క వేసి సమావేశంలో వివరించాను.

ఆర్థిక విభాగపు అధికారి శాంతంగా వినిన మీదట ఒకే ప్రశ్న వేశారు: "పెట్టిన డబ్బు ఎన్నేళ్లలో తిరిగి వస్తుంది? డిస్కౌంటు రేటు ఎంత తీసుకున్నారు?"

"ఖర్చు నాలుగు కోట్లు, ఏటా ఆదా కోటి రూపాయలు. కనుక నాలుగేళ్లు" అన్నాను. రెండవ ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు. ప్రతిపాదన మరుసటి సమావేశానికి వాయిదా పడింది. ఆ మరుసటి సమావేశం ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు తెలిసిన లెక్క ఇది. సంవత్సరానికి 12 శాతం డిస్కౌంటు రేటు అనుకుంటే, ఏడాది తరువాత చేతికి వచ్చే కోటి రూపాయల నేటి విలువ సుమారు 89 లక్షలు. నాలుగవ ఏట వచ్చే కోటి విలువ సుమారు 64 లక్షలే. నాలుగేళ్ల ఆదా అంతా కలిపినా నేటి విలువలో 3 కోట్ల 4 లక్షలకు మించదు. పెట్టుబడి నిజంగా తిరిగి రావడానికి దాదాపు ఆరేళ్లు పడుతుంది. నా ప్రతిపాదన చెడ్డదేమీ కాదు. ఆ యంత్రాల ఆయుర్దాయం ఆరేళ్ల కంటె ఎక్కువే. కాని, ఆ మాటను నిర్ణయం తీసుకునేవారి భాషలో చెప్పడం నాకు చేతకాలేదు. రూపాయికి కూడా వయసు ఉంటుందని, వయసుతో పాటు దాని బలం తగ్గుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

ఆ రాత్రే ఎం.బి.ఎ. చదవాలని నిశ్చయించుకున్నాను. అప్పుడు నా వయసు నలభై.

తొందరపాటు

నిశ్చయం మంచిదే. దాని వెనుక వచ్చిన తొందర మంచిది కాలేదు. ఆ వారంలోనే ఒక ఆంగ్ల దినపత్రికలో పూర్తి పేజీ ప్రకటన చూశాను. రాజధాని ప్రాంతంలో ఒక సంస్థ, వారాంతపు తరగతులు, పని చేసే అధికారులకు ప్రత్యేకం, విదేశీ పర్యటన కూడా ఉన్నదట. మరుసటి శనివారం వెళ్లాను. చలువరాతి నేల, అద్దాల తలుపులు, సూటు ధరించిన సలహాదారు. "కొద్ది సీట్లే మిగిలాయి సార్" అన్నాడు. అక్కడికక్కడే నమోదు రుసుముగా పాతిక వేల రూపాయల చెక్కు వ్రాసి ఇచ్చాను. ఆలోచించడానికి పట్టిన సమయం ఇరవై నిమిషాలు. పదివేల రూపాయల వాల్వు కొనడానికి మూడు కొటేషన్లు అడిగే ఇంజనీరును నేను!

సోమవారం నాడు సిబ్బంది విభాగంలో నిరభ్యంతర పత్రం కోసం దరఖాస్తు పెట్టగా, అక్కడి పెద్దాయన ఒక మాట అడిగారు: "పట్టా ఎవరు ఇస్తారండీ?" తిరిగి వెళ్లి ఆ సంస్థ వారిని అడిగాను. విశ్వవిద్యాలయం పేరు లేదు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి, అంటే ఎ.ఐ.సి.టి.ఇ. ఆమోదమూ లేదు. "ఆమోదాలకు అతీతమైన నాణ్యత మాది" అన్నాడు సలహాదారు. నా పాతిక వేలు తిరిగి రాలేదు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని మా అమ్మ అనేది. దానికి నేను చెల్లించిన రుసుము అది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదని తరువాత లోకానికంతటికీ తెలిసింది. దేశమంతటా శాఖలతో, భారీ ప్రకటనలతో వెలిగిన ఢిల్లీ కేంద్రంగా గల ఒక సంస్థ, తన పాఠ్యక్రమాలకు ఎం.బి.ఎ., బి.బి.ఎ., బిజినెస్ స్కూలు వంటి పదాలు వాడరాదని 2014 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. మరుసటి ఏడాది ఆ సంస్థ తన ప్రాంగణాలను మూసివేసింది. అందులో చదివినవారికి పోయిన కాలం ఏ న్యాయస్థానమూ తిరిగి ఇప్పించలేదు.

మేనేజిమెంటు విద్య: మన ముంగిటి చరిత్ర

దెబ్బ తిన్న తరువాత కొంత చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసిన విషయాలు తెలుగువారమైన మనకు సంతోషం కలిగించేవి.

ఎం.బి.ఎ. అనగానే మన దృష్టి అహమ్మదాబాదు వైపో, కలకత్తా వైపో పోతుంది. ఆ రెండు ఐ.ఐ.ఎం.లు 1961లో స్థాపించబడ్డాయి. కలకత్తా సంస్థకు అమెరికాలోని ఎం.ఐ.టి. వారి స్లోన్ స్కూలు, అహమ్మదాబాదు సంస్థకు హార్వర్డు బిజినెస్ స్కూలు తొలినాళ్లలో తోడ్పడ్డాయి. కాని అంతకు ముందే, 1957లో, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎం.బి.ఎ. బోధన ప్రారంభించింది. అంతకు ఒక సంవత్సరం ముందు, 1956లో, హైదరాబాదులోని బెల్లా విస్టా భవనంలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి నెలకొన్నది. ఇంగ్లండులోని హెన్లీలో ఉన్న కళాశాల దానికి ఒరవడి. ప్రభుత్వ అధికారులు, ప్రభుత్వ రంగ, ప్రయివేటు రంగ నిర్వాహకులు ఒకే గదిలో కూర్చుని ఒకరి నుండి ఒకరు నేర్చుకోవాలన్నది అక్కడి పద్ధతి. 1964లో హైదరాబాదులోనే, ప్రభుత్వ రంగ సంస్థల నిర్వహణను అధ్యయనం చేయడానికే ప్రత్యేకంగా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ ఏర్పడింది. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ హైదరాబాదులో తరగతులు ప్రారంభించింది. 2015లో విశాఖపట్నానికి ఐ.ఐ.ఎం. వచ్చింది.

ఇక ఇప్పుడు మనం ఉన్న చోటు. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఫ్యాకల్టీ ఆఫ్ మేనేజ్‌మెంట్ స్టడీస్ 1954 నాటిది. గురుగ్రామ్‌లోని ఎం.డి.ఐ. 1973లో, ఘజియాబాదులోని ఐ.ఎం.టి. 1980లో స్థాపితమయ్యాయి. లక్నో ఐ.ఐ.ఎం. 1984లో ఏర్పడి, 2005లో నోయిడా సెక్టారు 62లో తన రెండవ ప్రాంగణాన్ని తెరిచింది. విద్యుత్ రంగానికి చెందిన ఎన్.టి.పి.సి. 2014లో నోయిడాలోనే ఒక బిజినెస్ స్కూలును నెలకొల్పింది. 1976లో పారిశ్రామిక వాడగా పుట్టిన ఈ ఊరు చదువుల ఊరుగా కూడా ఎదిగింది. ప్రతి స్తంభం మీద ఒక కళాశాల ప్రకటన కనిపించే ఈ చోట మంచిచెడ్డలు ఎంచుకోవడమే అసలు కష్టం.

నా ముందున్న దారులు

2010లో నాకు మూడు మార్గాలు కనిపించాయి.

మొదటిది, సెలవు పెట్టి ఏడాదిపాటు పూర్తికాలం చదవడం. అనుభవజ్ఞులైన అధికారుల కోసం లక్నో ఐ.ఐ.ఎం. తన నోయిడా ప్రాంగణంలో అటువంటి పాఠ్యక్రమాన్ని 2008లోనే ప్రారంభించింది. రెండవది, ఉద్యోగం చేస్తూ వారాంతాలలోనో, సాయంత్రాలలోనో తరగతులకు వెళ్లడం. మూడవది, దూరవిద్య.

మొదటి దారి వైపు మనసు లాగింది. కాని మా అమ్మాయి అప్పుడు తొమ్మిదవ తరగతి. ఊరిలో వృద్ధులైన తల్లిదండ్రులు. ఇంటి అప్పు వాయిదాలు. ఏడాది జీతం వదులుకోవడం సాధ్యం కాదు. రెండవ దారిలో వారాంతపు హాజరు తప్పనిసరి. నా ఉద్యోగంలో నెలకు రెండు మూడు సార్లు విద్యుత్ కేంద్రాలకు ప్రయాణం. యూనిట్ ఆగిపోతే శనివారమా, ఆదివారమా అని చూసేది లేదు. హాజరు లోపించి మధ్యలో మానుకోవలసి వస్తే ధనం, కాలం రెండూ వ్యర్థం.

అప్పుడు నన్ను నేను ఒక ప్రశ్న వేసుకున్నాను. నాకు కావలసినది కొత్త ఉద్యోగమా? కాదు. పెద్ద పరిచయాలా? అవీ కాదు. ఆ సమావేశంలో నోరు మెదపలేకపోయిన లోటును పూడ్చుకోవడం. అంటే ఆర్థిక నిర్వహణ, వ్యయ విశ్లేషణ, నిర్ణయ శాస్త్రం. దానికి మూడవ దారి చాలు.

ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1985లో స్థాపించబడి, 1987లో తన తొలి పాఠ్యక్రమాలలో ఒకటిగా మేనేజిమెంటు డిప్లమాను ప్రారంభించింది. అప్పట్లో దాని ఎం.బి.ఎ.లో ప్రవేశానికి ఓపెన్‌మ్యాట్ అనే పరీక్ష వ్రాయవలసి ఉండేది. వ్రాశాను. పుస్తకాల కట్ట పోస్టులో వచ్చింది. ఒక్కొక్క విషయంలో ఇంటివద్ద వ్రాసి పంపే అసైన్‌మెంటులకు 30 శాతం, జూను, డిసెంబరు నెలల్లో జరిగే పరీక్షకు 70 శాతం మార్కులు. ఎవరూ తరమరు, ఎవరూ పిలవరు. దూరవిద్యలోని సుగుణమూ అదే, ప్రమాదమూ అదే.

రుసుము పట్టికలో లేని ఖర్చు

తెల్లవారుజామున నాలుగున్నరకు లేచేవాడిని. భోజనాల బల్లకు ఒక వైపున మా అమ్మాయి, మరొక వైపున నేను. ఆమెకు త్రికోణమితి, నాకు జమాఖర్చుల పట్టీ. మొదటి పరీక్షలో అకౌంటెన్సీ తప్పాను. ఇంజనీరుకు డెబిటు, క్రెడిటు ఎందుకు తారుమారుగా కనిపిస్తాయో ఆ ఆరు నెలలూ అనుభవించాను. మా అమ్మాయి తన మార్కుల పట్టిక చూపించి, "నాన్నా, మీది?" అని అడిగిన రోజున దాచిపెట్టకుండా చూపించాను. అది కూడా ఒక పాఠమే.

మా శ్రీమతి రెండేళ్లపాటు ఏమీ అనలేదు. ఒక ఆదివారం మాత్రం, "ఈ చదువుకు ఫీజు మీరొక్కరే కడుతున్నాననుకుంటున్నారా?" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం లేదు, నిజం ఉంది.

2012 డిసెంబరులో పరీక్షల వారంలోనే కాకినాడలో మా నాన్నగారికి కంటి శస్త్రచికిత్స నిర్ణయమైంది. వస్తానని ఫోను చేశాను. "పరీక్ష వ్రాసుకుని రా నాయనా, కన్ను ఎక్కడికీ పోదు" అన్నారు. తమ్ముడు దగ్గరుండి చూసుకున్నాడు. చికిత్స సవ్యంగానే జరిగింది. ఆ మరుసటి సంవత్సరం వేసవిలో ఆయన గుండెపోటుతో కాలం చేశారు. ఆనాటి పరీక్షలో నాకు ఎన్ని మార్కులు వచ్చాయో ఇప్పుడు జ్ఞాపకం లేదు. ఆ ఫోను జ్ఞాపకం ఉంది.

ఈ సంగతి సానుభూతి కోసం చెప్పడం లేదు. ఉద్యోగం చేస్తూ చదివేవాడు చెల్లించే అసలు ధర ఆదివారాలలో, ప్రయాణాలలో, ఇంటివారి ఓర్పులో ఉంటుంది. అది ఏ కరపత్రంలోనూ అచ్చు కాదు. చేరే ముందే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఆ ధర చెప్పి, వారి సమ్మతి తీసుకోవాలి. నేను తీసుకోలేదు; ప్రకటించాను. రెండింటికీ చాలా భేదం ఉంది.

పట్టా 2014లో చేతికి వచ్చింది. అప్పటికి నా వయసు నలభై అయిదు.

ఫలితం ఏమిటి?

పదోన్నతి వచ్చిందా అని అడుగుతారు. ఆ పట్టా వల్ల రాలేదు. నా వంతు వచ్చినప్పుడే వచ్చింది. ఈ విషయంలో యువకులు భ్రమలు పెట్టుకోకూడదు. మన వంటి సంస్థలలో పదోన్నతికి నియమావళి ఉంటుంది. పట్టా దానికి బదులు కాదు.

లాభం మరొక రూపంలో వచ్చింది. ఫ్యాన్ల డ్రైవుల పాత ప్రతిపాదనను 2015లో మళ్లీ బయటికి తీశాను. ఈసారి ఆదా అయ్యే యూనిట్లతో పాటు నికర వర్తమాన విలువ, బొగ్గు ధర పెరిగితే ఏమిటి, లోడు తగ్గితే ఏమిటి అన్న పట్టికలు జతపరిచాను. సమావేశం పావుగంటలో ముగిసింది. అనుమతి లభించింది.

అంతకంటె పెద్ద లాభం మరొకటి. ఆ ఏడాదే నేను ఎంతో ఇష్టపడి రూపొందించిన ఇంకొక ప్రతిపాదనను లెక్క వేసి చూసి, లాభసాటి కాదని తేలడంతో నేనే విరమించుకున్నాను. పది సంవత్సరాల క్రితమైతే దాని కోసం పోట్లాడి ఉండేవాడిని. తన ఆలోచనకు తానే కాదని చెప్పగల శక్తి మేనేజిమెంటు చదువు ఇచ్చిన ప్రధాన ఫలమని నా అభిప్రాయం.

కళాశాలను పరీక్షించే విధం

యంత్రాన్ని కొనేటప్పుడు మనం కరపత్రాన్ని నమ్మము. పరీక్షా నివేదిక అడుగుతాము. కళాశాల విషయంలోనూ అదే పద్ధతి. నేను గమనించిన ముఖ్యాంశాలు ఇవి.

మొదటిది, అధికారం. పట్టా ఎవరు ఇస్తున్నారు? ఎం.బి.ఎ. అనేది విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా. స్వతంత్ర సంస్థలు ఇచ్చేది పి.జి.డి.ఎం. అనే డిప్లమా, దానికి ఎ.ఐ.సి.టి.ఇ. ఆమోదం ఉండాలి. డిప్లమా అన్నంత మాత్రాన తక్కువ కాదు. 2017 నాటి చట్టం 2018 జనవరి 31న అమలులోకి వచ్చే వరకు ఐ.ఐ.ఎం.లు కూడా డిప్లమాలే ఇచ్చేవి. చూడవలసినది పేరును కాదు, పేరు వెనుక ఉన్న అధికారాన్ని. దూరవిద్య అయితే విశ్వవిద్యాలయ నిధుల సంఘం గుర్తింపును ఏ ఏటికి ఆ ఏడు సరిచూసుకోవాలి.

రెండవది, అధ్యాపకులు. పూర్తికాలం పనిచేసేవారు ఎందరు, వచ్చిపోయేవారు ఎందరు? ఒక శనివారం తరగతిలో వెనుక బెంచీ మీద కూర్చోవడానికి అనుమతి అడగండి. మంచి సంస్థ సంతోషంగా అనుమతిస్తుంది. లేదా కనీసం పూర్వ విద్యార్థులతో మాట్లాడిస్తుంది.

మూడవది, ఉద్యోగ నియామకాల లెక్క. "సగటు వేతనం" అన్న మాట విన్నప్పుడు ఇంజనీరు జాగ్రత్తపడాలి. పదిమంది విద్యార్థులలో తొమ్మిదిమందికి పది లక్షల చొప్పున, ఒకరికి అరవై లక్షలు వస్తే సగటు పదిహేను లక్షలు అవుతుంది. కాని ఆ పదిహేను లక్షలు ఎవరికీ రాలేదు. మధ్యస్థ వేతనం, అంటే అందరినీ వరుసలో నిలబెడితే నడిమివాడికి వచ్చినది ఎంత అని అడగాలి. ఎంతమంది నియామకాలకు కూర్చున్నారు, ఎంతమందికి వచ్చాయి, ఆ నివేదికను బయటివారు ఎవరైనా తనిఖీ చేశారా అని కూడా అడగాలి.

నాలుగవది, ర్యాంకులు. కేంద్ర ప్రభుత్వం 2016 నుండి ఎన్.ఐ.ఆర్.ఎఫ్. పేరిట ఏటా విద్యాసంస్థల స్థానాలను ప్రకటిస్తున్నది. బోధన, వనరులు, పరిశోధన, విద్యార్థుల ఫలితాలు, అందరికీ అవకాశం, పేరు ప్రతిష్ఠలు: ఇలా వేర్వేరు అంశాలకు వేర్వేరు మార్కులు ఉంటాయి. మొత్తం స్థానాన్ని మాత్రమే చూడక, మీకు ముఖ్యమైన అంశంలో ఆ సంస్థకు ఎన్ని మార్కులు వచ్చాయో చూడండి. పరిశోధనలో ముందున్న సంస్థ, మీకు కావలసిన బోధనలో కూడా అంతే ముందుండాలన్న నియమం లేదు.

అయిదవది, ప్రవేశ పరీక్ష. నవంబరులో జరిగే క్యాట్ ఫలితం ఆ ఏటి ప్రవేశాలకే పనికివస్తుంది. జీమ్యాట్ ఫలితం అయిదేళ్లు చెల్లుతుంది. కనుక ఇప్పుడే చేరాలా, రెండేళ్లు ఆగాలా అని తేల్చుకోలేనివారు చదివే అలవాటు పోకముందే జీమ్యాట్ వ్రాసి ఉంచుకోవచ్చు.

ఆరవది, మన సేవా నిబంధనలు. అధ్యయన సెలవుకు అర్హత ఏమిటి, ముందస్తు అనుమతి ఎవరు ఇవ్వాలి, బాండు ఎంతకాలం, సీనియారిటీ ఏమవుతుంది? ఇవన్నీ వ్రాతపూర్వకంగా తెలుసుకున్న తరువాతే రుసుము చెల్లించాలి. నేను చేసినట్లు ముందు చెక్కు, తరువాత దరఖాస్తు పనికిరాదు.

కాగితం మీద ఒక లెక్క

రాజీనామా చేసి వెళ్లదలచినవారు వేసుకోవలసిన లెక్క ఒకటి ఉన్నది. ఉదాహరణకు, ఏడాది పాఠ్యక్రమానికి రుసుము, వసతి కలిపి 25 లక్షలు, కోల్పోయే జీతం 15 లక్షలు అనుకుందాం. మొత్తం 40 లక్షలు. పదేళ్లలో తిరిగి రావాలనుకుంటే ఏటా నాలుగు లక్షలు అదనంగా వస్తే చాలునని తోస్తుంది. కాని సాలుకు 10 శాతం వడ్డీతో లెక్కిస్తే, ఏటా సుమారు ఆరున్నర లక్షలు, అంటే నెలకు దాదాపు 54 వేలు అదనంగా రావాలి. అదీ పన్ను పోగా. అదనం అంటే నేటి జీతం మీద కాదు. ఇక్కడే ఉండి ఉంటే పదోన్నతులు, భవిష్యనిధి, వైద్య సదుపాయం, క్వార్టరు అన్నీ కలిపి వచ్చేదాని మీద.

ఈ లెక్క వెళ్లవద్దని చెప్పడానికి కాదు. ఇరవై ఏడేళ్లవానికి ముందు ముప్పై ఏళ్ల సర్వీసు ఉంటుంది. పెట్టుబడి ఫలించడానికి కాలం ఉంటుంది. నలభై ఏళ్లవానికి ఆ కాలం సగమే. అందుకే ఏ వయసుకు ఆ దారి. యువకునికి పూర్తికాలపు చదువు తగవచ్చు; నడివయసువానికి వారాంతపు తరగతులో, దూరవిద్యో తగవచ్చు. మరికొందరికి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి వంటి చోట కొద్దిపాటి శిక్షణే సరిపోవచ్చు. జ్వరం ఏదో తెలియకుండా మందు పేరు అడగకూడదు.

ఒక పేజీ

ఆ సాయంత్రం మెట్రో రైలులో ఆ యువకునితో ఇలా అన్నాను: "కళాశాలల జాబితా పక్కన పెట్టు. ఒక తెల్ల కాగితం తీసుకుని, ఈ నాలుగేళ్లలో నీకు తెలియక నువ్వు చేయలేకపోయిన పనులు ఏమిటో వ్రాయి. తెలుగులో వ్రాసినా సరే. ఒక్క పేజీ చాలు."

పదిహేను రోజుల తరువాత, ఒక ఆదివారం ఢిల్లీలో ఆంధ్ర భవన్ భోజనశాల ముందు వరుసలో నిలబడి ఉండగా, జేబులో నుండి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. కొట్టివేతలు ఎక్కువగా ఉన్నాయి. మొదట వ్రాసిన "మంచి ప్యాకేజీ", "విదేశీ అవకాశం" అన్న మాటలను తానే కొట్టివేశాడు. చివర మిగిలినది ఇది: "మా కేంద్రంలో తయారైన కరెంటు ఏ ధరకు, ఎలా అమ్ముడవుతుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది."

నాకు ఎంతో సంతోషం కలిగింది. మన దేశంలో విద్యుత్తు విపణి 2008లో ఎక్స్ఛేంజీ రూపం దాల్చింది. ఆ ఏడాది వ్యాపారం ప్రారంభించిన ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజ్ కార్యాలయం మన నోయిడాలోనే ఉన్నది. రేపటి విద్యుత్తుకు ఈరోజు ధర నిర్ణయమయ్యే ఆ రంగంలో, యంత్రం తెలిసినవాడు డబ్బు లెక్క కూడా నేర్చుకుంటే వాని విలువ ఇంతింత అనరానిది. ఇప్పుడు అతని ప్రశ్న మారిపోయింది. "ఏ కాలేజీ మంచిది?" అన్నది పోయి, "విద్యుత్ రంగపు ఆర్థిక వ్యవహారాలను, విపణిని బాగా బోధించేది ఎక్కడ?" అన్నది మిగిలింది. జాబితాలోని పాతిక పేర్లు నాలుగుకు తగ్గాయి. ఆ నాలుగింటిలో రెండు, ఉద్యోగం మానకుండానే చదవగలిగినవి.

అతడు ఇంకా తుది నిర్ణయం తీసుకోలేదు. ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడి వస్తానన్నాడు. నన్ను ఏ కాలేజీ పేరూ అడగలేదు. వరుస ముందుకు కదిలింది. ఇద్దరం లోపలికి వెళ్లి గోంగూర పచ్చడితో కడుపునిండా భోజనం చేశాము.

మన సంస్థలో ఎం.బి.ఎ. గురించి ఆలోచిస్తున్న ప్రతి మిత్రునికి, సోదరికి నా విన్నపం ఒక్కటే. ముందు ఆ ఒక పేజీ వ్రాయండి. అందులో ఇతరుల కోరికలు ఎన్ని ఉన్నాయో చూసి కొట్టివేయండి. మిగిలిన వాక్యం మీదే అయితే, చదువు ఏ వయసులోనైనా మొదలుపెట్టవచ్చు. అటువంటి వాక్యం ఒక్కటీ మిగలకపోతే కూడా నష్టం లేదు. మీకు పాతిక వేల రూపాయలు, అనేక ఆదివారాలు మిగిలినట్లే.